ఇటు మెకానికల్లూ కాదు, అటు ఎలక్ట్రానిక్సూ కాదా?

ప్రశ్న: సర్, ఈఏపీసెట్‌లో నాకొచ్చిన ర్యాంకుకి కంప్యూటర్ సైన్స్ వచ్చేలా లేదు. వెబ్ ఆప్షన్లలో మెకట్రానిక్స్ కనిపించింది, పెట్టుకుందామనుకుంటున్నా. మా నాన్న బాలానగర్‌లో లేత్ మీద పనిచేస్తారు. "ఇటు మెకానికల్లూ కాదు, అటు ఎలక్ట్రానిక్సూ కాదు, రెంటికీ చెడ్డ రేవడివవుతావు" అంటున్నారు. చేరమంటారా, వద్దంటారా?
– ఒక విద్యార్థి, బాలానగర్

జవాబు: మీ నాన్నగారి భయం ఉత్తి భయం కాదు, దాని సంగతి తర్వాత చెప్తా. ముందు ఒక రాత్రి జరిగింది విను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక మందుల ఫ్యాక్టరీలో మాత్రల స్ట్రిప్పులు ప్యాక్ చేసే మెషిన్ నైట్ షిఫ్టులో ఆగిపోయింది. గాలి ఒత్తిడితో ముందుకూ వెనక్కీ కదిలే ఒక చిన్న సిలిండర్ ఉంటుంది, అది ముందుకి రావట్లేదు. ఫిట్టర్ వచ్చి సిలిండర్ విప్పి సీళ్లు మార్చాడు. కదల్లేదు. "ఇది కరెంటు పని" అన్నాడు. ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూసి "నా 24 వోల్టులు నాకు వస్తున్నాయి, ఇది మీ ఫిట్టింగ్ పని" అన్నాడు. వీళ్లిద్దరూ వాదించుకుంటుంటే నేను ల్యాప్‌టాప్ ముందేసుకుని పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతూ కూర్చున్నా, నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ రాత్రికి రాత్రి ఎందుకు చెడుతుందన్న ఆలోచన కూడా లేకుండా. మూడు గంటలు పోయాయి. చివరికి పీఎల్‌సీ మీద వెలగాల్సిన ఒక చిన్న లైటు వెలగట్లేదని కంటపడింది. ఆ లైటు సిలిండర్ పక్కన బిగించిన రీడ్ స్విచ్‌ది. ఆ స్విచ్, లోపలి పిస్టన్‌కున్న అయస్కాంతాన్ని బట్టి అది వెనక్కొచ్చిందో లేదో చెప్తుంది. మెషిన్ అదురుకి దాని క్లాంప్ వదులై స్విచ్ కాస్త పక్కకి జరిగింది. సిలిండర్ వెనక్కొచ్చే ఉంది, కానీ ఆ కబురు పీఎల్‌సీకి అందక అది ముందుకి పొమ్మనట్లేదు. స్విచ్‌ని రెండు మిల్లీమీటర్లు జరిపి స్క్రూ బిగిస్తే మెషిన్ నడిచింది.

ఫిట్టర్ చెప్పింది నిజమే, ఎలక్ట్రీషియన్ చెప్పిందీ నిజమే. ఆ రెండు నిజాలకీ మధ్య నిలబడి చూసేవాడు కావాలి, మెకట్రానిక్స్ చదువు అందుకే. ఆ పేరు కూడా కాలేజీలో పుట్టింది కాదు, జపాన్‌లో మోటార్లు తయారుచేసే యాస్కావా కంపెనీ ఇంజనీరు టెట్సురో మోరి 1969లో పెట్టాడు. కొన్నాళ్లు అది ఆ కంపెనీ ట్రేడ్‌మార్కుగానే ఉండేది.

ఇక రేవడి సంగతి. థర్మోడైనమిక్స్ మెకానికల్ వాళ్లకి వచ్చినంత నీకు రాదు, చిప్ డిజైన్ ఈసీఈ వాళ్లకి వచ్చినంత రాదు. నాలుగేళ్లలో మెకానిజమ్స్, మైక్రోకంట్రోలర్లు, కంట్రోల్ సిస్టమ్స్, హైడ్రాలిక్స్, పీఎల్‌సీ, రోబోటిక్స్ అన్నీ పట్టించాలంటే ఏదో ఒకటి పలచబడక తప్పదు. కాబట్టి రెండో ఏడాది అయ్యేలోపు ఒకదాన్ని గట్టిగా పట్టుకోవాలి. నన్నడిగితే కంట్రోల్ సిస్టమ్స్, అంటే మెషిన్ చెప్పినట్టే నడిచేలా చూసే సబ్జెక్టు అంటాను, లెక్కలంటే భయపడి అందరూ వదిలేసేది అదే.

ఆప్షన్ పెట్టేముందు ఒకరోజు ఆ కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూపించమని అడుగు. మాటలు కాదు, గాలి ఒత్తిడితో పనిచేసే న్యూమాటిక్స్ బోర్డు ఆన్ చేసి చూపించమను. కంప్రెసర్ తాళం ఎవరి దగ్గరుందో వెతకడం మొదలుపెడితే నీకు విషయం అర్థమైపోతుంది. డిగ్రీ మీద బ్రాంచి పేరు ఏమని వస్తుందో కూడా కనుక్కో, వట్టి మెకట్రానిక్స్ అనా, మెకానికల్ అని కూడా కలిపి ఉంటుందా అని. ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లలో "మెకానికల్" అని మాత్రమే రాసినప్పుడు ఆ ఒక్క మాట దగ్గర పేచీ వస్తుంది. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో ఎక్కువ సాఫ్ట్‌వేర్‌వే ఉంటాయి, అదీ ముందే తెలుసుకో.

నాన్నగారికి నమ్మకం కుదరాలంటే ఎంతో దూరం తీసుకెళ్లక్కర్లేదు. మీ బాలానగర్‌లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, 1968 నుంచీ. అక్కడ మెకట్రానిక్స్‌లో బీటెక్ తర్వాత చదివే కోర్సు కూడా ఉంది. ఆయన లేత్ దగ్గరే కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ ఉంటే, చెప్పినంతే తిరిగే దాని సర్వో మోటార్ చూపించి అడుగు, ఇది మెకానికల్లా ఎలక్ట్రానిక్సా అని.

ప్రశ్న: మా అమ్మాయి ఈ కోర్సులో చేరి రెండో ఏడాదికొచ్చింది. ఫ్యాక్టరీలు, నైట్ షిఫ్టులు అంటుంటే నాకు టెన్షన్‌గా ఉంది. బ్రాంచి మార్పించనా?
– ఒక తల్లి, ఉప్పల్

జవాబు: వద్దండీ, ఇష్టపడి చదువుతుంటే అస్సలు వద్దు. డిజైన్, సిమ్యులేషన్, ఎంబెడెడ్ ప్రోగ్రామింగ్ లాంటివన్నీ ఆఫీసులో కూర్చుని చేసేవే. అయితే కొత్త మెషిన్ని కస్టమర్ దగ్గర బిగించి నడిపించే కమిషనింగ్ ఉద్యోగమైతే వారాల తరబడి ఊళ్లు తిరగాలి, రాత్రనక పగలనక ఉండాలి. అది అమ్మాయికైనా అబ్బాయికైనా ఒకటే. నేను చూసినంతలో పని బాగా నేర్పేది కూడా అదే. ఏది కావాలో అమ్మాయినే తేల్చుకోనివ్వండి.

ప్రశ్న: గేట్‌లో మెకట్రానిక్స్ పేపర్ ఉందా? అలాగే ఇంట్లో ప్రాక్టీసుకి ఏం కొనుక్కోవాలి?
– మూడో ఏడాది విద్యార్థి, మెహదీపట్నం

జవాబు: విడిగా పేపర్ లేదు. ఎక్కువమంది మెకానికల్ రాస్తారు, సర్క్యూట్లు ఇష్టమైతే ఇన్‌స్ట్రుమెంటేషన్ చూడు. ఎంటెక్ ఎక్కడ చేయాలనుకుంటున్నావో అక్కడ ఏ పేపర్ తీసుకుంటారో ముందు చూసుకుని అప్పుడు పుస్తకాలు కొను.

కొనడానికి రోబో కిట్లు వద్దు. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి అడుగులు అడుగులుగా తిరిగే ఒక స్టెప్పర్ మోటార్, దాన్ని నడిపించే డ్రైవర్ బోర్డు, ప్రోగ్రామ్ రాయడానికి ఒక ఆర్డుయినో బోర్డు తెచ్చుకో. మామూలుగా దొరికే మోటార్ ఒక్కో అడుగుకి 1.8 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకి 200 అడుగులు. ఒక చుట్టుకి నట్టుని 8 మిల్లీమీటర్లు జరిపే స్క్రూ తగిలిస్తే ఒక్కో అడుగుకి 0.04 మిల్లీమీటర్. లెక్కలో అంతే, కానీ నట్టు వదులుగా ఉంటే ముందుకెళ్లి వెనక్కొచ్చినప్పుడు అదే చోటుకి రాదు. ఎందుకు రాలేదో, కోడ్‌తో ఎంత సరిచేయొచ్చో, ఎక్కడ నట్టే మార్చాలో నెల్లాళ్లు దానితోనే కుస్తీ పట్టు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, కరెంటు ఉండగా మోటార్ వైర్లు పీకకు, డ్రైవర్ కాలిపోతుంది. నావి రెండు అలాగే పోయాయి.