రేయాన్ష్ అని పెట్టొచ్చా? ముందు తెలుగులో రాసి చూడండి

మీరడిగింది ఇదీ: బాబు పుట్టి పది రోజులైంది. ఆశ్లేష రెండో పాదం, పంతులుగారు ‘డూ’ అక్షరం చెప్పారు. మీ ఇద్దరికీ ‘రేయాన్ష్’ నచ్చింది. గుంటూరులో అమ్మమ్మగారికి అది నోరు తిరగక ‘రేయానూ’ అంటున్నారు. విజయవాడలో ఆసుపత్రివాళ్లు బర్త్ సర్టిఫికెట్‌కి పేరు అడుగుతున్నారు, 21 రోజుల్లో తేల్చకపోతే ఎలా అని మీ కంగారు.

ముందు ఆ కంగారు పక్కన పెట్టండి. 21 రోజుల గడువు పుట్టుక నమోదుకే, పేరుకి లేదు. మనవైపు బారసాల కూడా 21వ రోజున చేస్తాం కాబట్టి రెండూ కలిపేసుకుంటారు. ఆసుపత్రిలో పుడితే నమోదుకి పంపాల్సింది ఆసుపత్రివాళ్లే. పేరు గడి ఖాళీగా వదిలేయమనండి. 12 నెలల లోపు వెళ్తే రుసుము లేకుండా పేరు చేరుస్తారు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా వీలుంది. తొందరపడి ఏదో ఒకటి రాయించారనుకోండి, అప్పుడొస్తుంది తంటా. అచ్చుతప్పయితే దిద్దుతారు, మనసు మారిందంటే దిద్దరు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి, ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు అన్నిటికీ పుట్టినతేదీ రుజువు ఈ కాగితమే. ఇందులో పడ్డ స్పెల్లింగు వాడు పెద్దయ్యేదాకా వెంట వస్తుంది.

ఇక ‘డూ’ సంగతి. 27 నక్షత్రాలు, నాలుగేసి పాదాలు, మొత్తం 108 అక్షరాలు. వీటిలో ఆశ్లేష (డీ, డూ, డే, డో) వాళ్లకి ఎప్పుడూ ఇబ్బందే. ఆర్ద్రలో ‘ఙ’, హస్తలో ‘ణ’ వచ్చినవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం, ఆ అక్షరంతో మాటే మొదలవదు. దీనికి దారి పాతవాళ్లే చూపించారు. బియ్యంలో ఉంగరంతో రాసేటప్పుడు జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు. మీ వాడికి జన్మనామం ‘డూండీ’ అని రాయండి, వినాయకుడి పేరు, కృష్ణా గుంటూరుల్లో కొత్తదేమీ కాదు. పూజల్లో, జాతకంలో అది నడుస్తుంది. సర్టిఫికెట్‌లో రాయించే పేరు ఏ అక్షరంతోనైనా ఉండొచ్చు. పంతులుగారిని అడిగి చూడండి, కాదనరు.

రేయాన్ష్ గురించి నిర్మొహమాటంగా చెప్పాలంటే అది సంస్కృత నిఘంటువుల్లో దొరకదు. ఇంగ్లీషు ‘రే’కి మన ‘అంశ’ అతికించి ‘సూర్యకిరణం’ అని పేర్ల సైట్లు అర్థం చెబుతాయి. ఆ అంశ కూడా ‘శ’తో రాయాలి, ‘ష’తో కాదు. తెలుగులో ‘న్ష్’ అనే కూడికే లేదు, సున్నా పెట్టి ‘ంశ్’ అని రాస్తాం. పైగా మనది అజంత భాష, మాట చివర అచ్చు ఉండాలి. హల్లుతో ఆగే ఏ పేరుకైనా పెద్దవాళ్ల నోట ‘ఊ’నో ‘ఆ’నో వచ్చి చేరుతుంది. అమ్మమ్మగారి తప్పేం లేదు. ఆ శబ్దమే కావాలంటే ‘శ్రేయాంస్’ ఉంది, జైనుల 11వ తీర్థంకరుడి పేరు. అర్థం, చరిత్ర రెండూ ఉన్నాయి. పలకడం మాత్రం అదీ కష్టమే.

సైట్లలో అర్థాలు నమ్మొద్దు. ‘ఆరవ్’ అంటే శాంతం అని రాస్తారు. ఆరవం అంటే చప్పుడు, కేక. (రాత్రి రెండింటికి లేచి ఏడ్చే పిల్లాడికి సరిగ్గా సరిపోతుందనుకోండి.) ఒత్తుల దగ్గర ఇంకా ప్రమాదం. ‘ధృతి’ ధైర్యం, ఒత్తు తీసేస్తే ‘దృతి’ తోలుతిత్తి. ‘మేధ’ తెలివి, ‘మేదస్సు’ కొవ్వు. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు ఎంచుకుని తర్వాత తెలుగులోకి దించేవాళ్లకి జరిగేది ఇదే, ఒత్తు ఎక్కడుందో వాళ్లకే తెలియదు. అందుకే ముందు తెలుగులో రాసి, ఆ రూపాన్నే ఆంధ్రభారతి వెబ్‌సైటు నిఘంటు శోధనలోనూ మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువులోనూ వెతకండి. రెండిట్లోనూ లేకపోతే అది ఎవరో ఈమధ్య అల్లిన పేరు. అల్లిన పేరు పెట్టకూడదని కాదు, అర్థం అడిగితే చెప్పడానికేమీ ఉండదని తెలిసి పెట్టండి.

తర్వాత ఫోను పరీక్ష. తెనాలిలోనో బాపట్లలోనో ఉన్న బంధువులు ఐదుగురికి ఫోన్ చేసి, పేరు ఒక్కసారే చెప్పి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి వాట్సాప్‌లో పంపమనండి. నలుగురు ఒకేలా రాస్తే ఢోకా లేదు. ఐదు రకాలు వస్తే రేపు స్కూలు గుమాస్తా ఆరోది రాస్తాడు. ‘ఋత్విక్’ తీసుకోండి. మనం రు అంటాం, ఉత్తరాదివాళ్లు రి అంటారు, కాబట్టి ఆర్ తర్వాత యు లేదా ఐ. త కోసం మనం టి పక్కన హెచ్ పెడతాం, వాళ్లు పెట్టరు. చివరి ‘విక్’కి వి లేదా డబ్ల్యూ. ఒక్క పేరుకి ఎనిమిది స్పెల్లింగులు! ఏదో ఒకటి ఖాయం చేసుకుని కాగితం మీద రాసి, బాల ఆధార్‌కి, బడికి అదే ఇవ్వండి. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే. న్యూమరాలజీ ప్రకారం అదనంగా ‘ఏ’ కలపాలనుకుంటే సర్టిఫికెట్‌కి ముందే కలపండి, తర్వాత గుర్తుకొస్తే వదిలేయండి.

ట్రెండీ, అరుదు రెండూ ఒకేచోట కుదరవు. ఆద్య, ఆరాధ్య, అద్విక్, అద్వైత్ అని పెట్టినవాళ్లంతా అరుదనుకునే పెట్టారు. మీ వీధిలో బారసాల ఫ్లెక్సీలు, దగ్గర్లోని ఎల్.కె.జి. హాజరుపట్టీ చూస్తే తెలుస్తుంది. నిజంగా అరుదైనవి మన ఇళ్లలోనే మరుగున పడ్డాయి. అర్జునుడు తపస్సు చేశాడని చెప్పే ఇంద్రకీలాద్రి కింద కాపురం ఉంటూ, ఉరిమినప్పుడల్లా ‘అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ’ అనుకుంటాం గానీ ‘కిరీటి’ అని పెట్టేవాళ్లెంతమంది? మూడక్షరాలు, చివర అచ్చు, ఇంగ్లీషులో ఇంచుమించు ఒకే స్పెల్లింగు. నా ఓటు దానికే. ఆడపిల్లయితే ‘కృష్ణవేణి’ అనేదాన్ని.

ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టకండి, పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు వేరువేరు గడులు. ఒక గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పేరు స్థానంలో ‘ఎఫ్.ఎన్.యు.’ (అంటే పేరు తెలియదు) అని పడుతుంది. యు.ఏ.ఇ. 2022 నవంబరులో ఒంటి పేరున్న పాస్‌పోర్టులకి సందర్శక వీసా ఇవ్వబోమని చెప్పింది. అలాగని మొక్కు కోసం ‘వెంకట సాయి శ్రీ’ అన్నీ ముందు చేర్చి పొడవు చేసినా ఇబ్బందే: పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే వరుసలో ఇంటిపేరుతో కలిపి 39 స్థానాలే ఉంటాయి, మిగతాది తెగిపోతుంది. మొక్కు పేరు ఒక్కటి చాలు.

ఆసుపత్రి ఫారం మీద సంతకం చేసేముందు మీ ఇద్దరి పేర్లూ మీ ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోండి. ముఖ్యంగా తల్లి పేరు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉండి, ఫారంలో అత్తింటిది రాస్తే, బాబు పేరు ఎంత బాగా ఎంచుకున్నా సవరణకి మళ్లీ కార్పొరేషన్ ఆఫీసు మెట్లెక్కాలి.