లా చాలదా, మళ్ళీ ఆ ఎం.ఏ. ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు. ఇరవయ్యేళ్ళుగా డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా పెద్దమ్మాయి డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది, హైస్కూల్ నుంచి స్పానిష్ చదువుతోంది. ఇప్పుడు ఆస్టిన్‌లో లా, లాటిన్ అమెరికన్ స్టడీస్‌లో ఎం.ఏ. రెండూ కలిపి చేస్తానంటోంది. లా అంటే సరే, ఈ ఎం.ఏ.తో ఏమొస్తుందండీ? మా ఆవిడకైతే ఒకటే టెన్షన్.
– ఒక తండ్రి, ఫ్రిస్కో

జవాబు: ముందు లెక్క చూద్దాం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో లా మూడేళ్ళు, ఎం.ఏ. రెండేళ్ళు. కలిపి చేస్తే కొన్ని కోర్సులు రెండింటికీ లెక్కకొస్తాయి కాబట్టి నాలుగేళ్ళలో బయటపడొచ్చు. అంటే మీకు అదనంగా పడేది ఒక్క ఏడాది. ఫీజుతో పాటు ఆ ఏడాది రాని జీతం కూడా కలుపుకోండి, చాలామంది అది మర్చిపోతారు.

ఇక ఏమొస్తుందంటారా? మన కోర్టుల బయట నోటరీ దగ్గర అఫిడవిట్ మీద ముద్ర వేయించుకుంటాం కదా. టెక్సస్ నోటరీకి లా చదువు కూడా అక్కర్లేదు. అదే మెక్సికోలో నోతారియో పూబ్లికో అంటే పెద్ద లాయరు, ఇల్లు అమ్మాలన్నా వీలునామా రాయాలన్నా ఆయన గడప తొక్కాల్సిందే. అక్కడి నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ బోర్డు మీద ఆ మాట చూసి, ఆయనే ఈయన అనుకుని, ఇమ్మిగ్రేషన్ కాగితాలూ డబ్బూ చేతిలో పెట్టి నిండా మునిగారు. ఇక్కడి నోటరీలు ఆ స్పానిష్ పేరుతో ప్రచారం చేసుకోకూడదని టెక్సస్ చట్టమే చేసింది. స్పానిష్ వస్తే మాట అర్థమవుతుంది, దాని వెనకున్న వ్యవహారం అర్థం కావాలంటే మీ అమ్మాయి అడుగుతున్న చదువే కావాలి. పైగా అక్కడి చట్టం మనలా పాత తీర్పులను పట్టుకుని నడవదు, ముందే రాసిపెట్టిన కోడ్ (చట్ట సంహిత) ప్రకారం నడుస్తుంది. ఆంద్రెస్ బెయ్యో అనే పండితుడు రాసిన 1855 నాటి చిలీ సివిల్ కోడ్‌ని ఒరవడిగా పెట్టుకున్న దేశాలు చాలానే ఉన్నాయి. ఆస్టిన్‌లో చదవాలనుకోవడమూ తెలివైన పనే, లాటిన్ అమెరికా పుస్తకాలకు అక్కడి బెన్సన్ లైబ్రరీకి మించినవి అరుదు.

అయితే ఎం.ఏ. చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, అమ్మాయికి ఇది గట్టిగా చెప్పండి. పెద్ద ఫర్మ్‌లు చూసేది లా మొదటి ఏడాది మార్కులు. అవి బాగుంటే, హ్యూస్టన్‌లో మెక్సికో చమురు, గ్యాస్ ఒప్పందాలు చూసేవాళ్ళ దగ్గర ఈ రెండో డిగ్రీ పనికొస్తుంది. బ్రెజిల్ పని కావాలంటే పోర్చుగీసు కూడా నేర్చుకోవాలి. ఇమ్మిగ్రేషన్ లాయరుగా స్వచ్ఛంద సంస్థలో చేరతానంటే మాత్రం జీతం తక్కువే (చెట్టు కింద ప్లీడరు అంత కాదులెండి). 2026 జూలై నుంచి కొత్తగా అప్పు తీసుకునే లా విద్యార్థులకు ఫెడరల్ లోను ఏడాదికి 50,000 డాలర్లు మించదు, కాబట్టి మిగతాది ఎక్కడి నుంచి తేవాలో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి.

అడ్మిషన్లు వేటికవే, ఒకటి వచ్చిందని రెండోది రాదు. చాలా లా స్కూళ్ళలో మొదటి ఏడాది చదువుతూ కూడా ఎం.ఏ.కి అప్లై చేయొచ్చు. ఆస్టిన్‌లో ఆ వీలుందేమో అమ్మాయినే ఫోన్ చేసి కనుక్కోమనండి, మీరు చేయకండి. ఈలోగా ఓ స్పానిష్ అద్దె ఒప్పందం తెచ్చి ఆమె ముందు పెట్టండి. డిక్షనరీ లేకుండా చదివి మీకు తెలుగులో చెప్పగలిగితే ఈ చదువుకి సరేనని సంతకం పెట్టేయండి.