ఫిరంగికి రెండు పాయింట్లు కలిపే ముందు

అల్లుడూ,

నువ్వు పంపిన కాగితాలు మొత్తం చదివాను. బల్ల మీద బొమ్మల సైన్యాలతో రాయచూరు యుద్ధం ఆడదామని కూర్చుని, ఫిరంగులు పనికిరావడం లేదని వాటి బలానికి రెండు పాయింట్లు కలిపేశావు, ఏనుగులకు ఒకటి తీసేశావు, గుర్రాల నడక పెంచేశావు, అన్నీ ఒకే ఆటలో. ఇప్పుడు ఆట బాగా వస్తే అది దేనివల్ల బాగా వచ్చిందో నీకెలా తెలుస్తుంది? ఒక ఆటకు ఒక మార్పే చెయ్యి. అది కూడా, రూల్స్ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొన్ని ఆటలు ఆడాకే. సైన్యాలు అటూ ఇటూ మార్చుకుని ఆడండి, అప్పుడు ఓడింది సైన్యమా, నడిపినవాడా అన్నది తేలిపోతుంది.

మొదలుపెట్టడానికి పాతకాలపు యుద్ధాల రూల్స్ పుస్తకం డి.బి.ఎ. (డి బెల్లిస్ యాంటిక్విటాటిస్) ఎంచుకున్నావు, మంచి పని చేశావు. పక్షానికి పన్నెండే దళాలు, 15 మి.మీ. బొమ్మలకు రెండడుగుల చదరం చాలు, మీ వరండాలో ఒక్క కడప బండ మీద యుద్ధం అయిపోతుంది. బొమ్మలు తెప్పించుకోవడానికి డబ్బు లేదని ఆగొద్దు, అట్టముక్కల మీద కాగితం బొమ్మలు అతికించి ఆడు. ఆ అట్టముక్కల, అంటే బేసుల, వెడల్పు మాత్రం అన్నింటికీ ఒకటే ఉండాలి, దూరాలు కూడా ఆ వెడల్పుతోనే కొలుచుకో, స్కేలు గొడవ ఉండదు.

ప్రతి వంతులో డైస్ మీద ఎంత పడితే అన్ని కదలికలే అన్న రూల్ నీకు చిరాకు తెప్పించిందని రాశావు. రాజు చెప్పాక సైన్యం కదలకపోవడం ఏంటని అడిగావు. దుమ్ములో, మోతలో, గుర్రం మీద వార్తాహరుడు దారి తప్పితే ఆజ్ఞ అందదు కదా, ఆ రూల్ పట్టుకున్నది దాన్నే. అది తీసేస్తే మిగిలేది చదరంగం. నచ్చని రూల్ కనపడినప్పుడల్లా ముందు ఇదే అడుగు: యుద్ధంలో జరిగే ఏ సంగతి కోసం దీన్ని రాశారు? జవాబు దొరక్కముందే దాని మీద చెయ్యి వేయకు.

ఇక ఆ రెండు పాయింట్ల సంగతి. ఇద్దరూ ఒక్కో డైస్ వేసి తమ బలం కలుపుకునే ఆటలో, బలాలు సమానమైతే 36 పాళ్లలో 15 నీవి, 15 అవతలివాడివి, 6 సమానం. ఒక్క పాయింట్ కలిపితే నీవి 21, వాడివి 10. రెండు కలిపితే 26, 6. అంటే నువ్వు ఫిరంగిని కొంచెం మెరుగుపరచలేదు, ఆటనే దాని చేతికి ఇచ్చేశావు. పైగా ఈ రూల్స్‌లో నీ మొత్తం అవతలివాడి మొత్తానికి రెట్టింపైతే వాడి దళం నాశనమయ్యే అవకాశం ఉంది కాబట్టి, గెలవడం ఒక్కటే కాదు, తుడిచిపెట్టడం కూడా సులువైపోతుంది. టెన్షన్ లేని ఆట ఎవరికి కావాలి?

డి.బి.ఎ. 1500 దాకా జరిగిన యుద్ధాల కోసం రాసింది, రాయచూరు 1520లో జరిగింది. ఫిరంగులు నీకు సరిగ్గా కుదరకపోవడానికి అసలు కారణం ఇదే అని నా నమ్మకం. కాబట్టి అక్కడ మార్పు అవసరమే, కాని ఏ మార్పు? పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిన వివరం చూడు. ఆదిల్ షా ఫిరంగులన్నీ ఒక్కసారే పేల్చాడు. విజయనగరం ముందు వరస చెదిరి వెనక్కి పరిగెత్తింది, బీజాపూరు వాళ్లు తరుముకొచ్చారు. అప్పుడు కృష్ణదేవరాయలు తనే ముందుకొచ్చి వెనక దళాలను నడిపించి, వాళ్లను కృష్ణ దాకా తరిమి నీళ్లలో పడేశాడు. ఫిరంగి మొదటి దెబ్బ ఘోరం. దాన్ని మళ్లీ నింపేలోపు దాడి చేసినవాడు మీద పడతాడు. నీకు కావాల్సింది ఎప్పుడూ ఉండే రెండు పాయింట్లు కాదు. మొదటి పేల్పుకు ఒక్క పాయింట్ ఇవ్వు, ఆ తర్వాత రెండు వంతులు రీలోడ్ అని పెట్టు.

రెండో మార్పుకు రూల్‌తో పనే లేదు. విజయనగరం దళాల్లో సగం బల్ల అంచు బయట ఉంచు, రాజు కదలిక ఖర్చు పెడితేనే లోపలికి వస్తాయి. సన్నివేశంలో తీరే పనికి రూల్ విరగ్గొట్టకు. మన కర్నూలు నుంచి తుంగభద్ర దాటితే వచ్చే, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఆ నేల ఒకసారి చూసిరా, గుట్టలు ఎన్ని పెట్టాలో, గుర్రాలకు ఎంత ఖాళీ వదలాలో నీకే తెలుస్తుంది.

1565 నాటి రాక్షసి తంగడి (తళ్లికోట) యుద్ధానికి వచ్చేసరికి చిక్కు వేరు. విజయనగరం పక్షాన ఉన్న ఇద్దరు సేనానులు ద్రోహం చేశారని, రెండేళ్ల తర్వాత అక్కడికొచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాశాడు. చరిత్రకారులందరూ దీన్ని ఒప్పుకోరు. మనం తీర్పు చెప్పక్కర్లేదు, ఆ రెండు దళాలు పోట్లాటకు తగలగానే డైస్ వేసి, ఒకటి పడితే పక్క మారతాయని పెట్టుకుంటే సరి. రామరాయలను నడిపేవాడు ఆట అంతా వెనక్కి చూసుకుంటూనే ఉంటాడు, అదే ఆ యుద్ధం రుచి.

నువ్వడిగిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, 1846 కోవెలకుంట్ల ఖజానా దాడి మాత్రం ఈ రూల్స్‌తో ఆడొద్దు. ఒక్కో బేస్ వందల మందికి లెక్క అయ్యే ఆటలో ఆ చిన్న దండు కనపడనే కనపడదు. ఒక బొమ్మ అంటే ఒక మనిషి అయ్యే రూల్స్ వేరే ఉన్నాయి, అవి చూడు.

రూల్స్‌కు అందని చిక్కు వస్తే మూడో మనిషిని అంపైర్‌గా పెట్టుకో. ప్రష్యాలో రైస్విట్జ్ 1824లో సైనికాధికారులకు చూపిన ఆటలోనే అంపైర్ ఉన్నాడు. 1876లో అక్కడి సైనికాధికారే అయిన వెర్డీ డ్యు వెర్నోయ్ అయితే పట్టికల కంటే అనుభవమున్న అంపైర్ మాటే మేలన్నాడు. నాదీ అదే పక్షం, కాని ఆ అంపైర్ ఎవరి తరఫునా ఆడేవాడు కాకూడదు.

మార్చిన ప్రతి రూల్‌నూ తేదీ వేసి, కారణంతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసుకో, ఆట మొదలవ్వకముందే అవతలివాడికి చదివి వినిపించు. మధ్యలో పుట్టిన రూల్ ఎంత న్యాయమైనదైనా ఆ రోజుకి వద్దు, వచ్చే ఆటకు రాసిపెట్టు. రీలోడ్ రూల్‌తో ఆడాక ఎవరు ఏ వంతులో గెలిచారో నాకు రాయి.

ఇట్లు,
మామ, కర్నూలు