నిధుల కోసం ఇంగ్లీషులో రాయబోతున్న మిత్రునికి

ప్రియ మిత్రమా,

మీరు పంపిన ప్రతిపాదన ముసాయిదా రెండుసార్లు చదివాను. వ్యాకరణ దోషాలు దాదాపు లేవు, చెప్పదలచుకున్నదీ స్పష్టంగానే ఉంది. అయినా క్రియాపదాలు చాలాచోట్ల పంటి కింద రాళ్లలా తగిలాయి. గ్రాంట్ అన్న మాట మీకు తెలుసు గాని, ఇంగ్లీషులో దాని పక్కన ఏ క్రియ ఇముడుతుందో మీ చెవికి ఇంకా అలవాటు కాలేదు.

ముందుగా ఎవరి పక్షాన మాట్లాడుతున్నారో చూసుకోండి. అడిగేవారు 'అప్లై ఫర్ ఎ గ్రాంట్' అంటారు, 'సబ్మిట్ ఎ ప్రపోజల్' అంటారు, 'సీక్ ఫండింగ్' అంటారు. ఇచ్చేవారి వైపు వాడుక 'అవార్డ్ ఎ గ్రాంట్', 'అలొకేట్ ఫండ్స్', 'డిస్‌బర్స్ ఫండ్స్'. అలొకేట్ అంటే ఫలానా పనికి ఇంత అని కేటాయించడం, డిస్‌బర్స్ అంటే ఆ సొమ్మును నిజంగా చెల్లించడం. ఈ రెంటి మధ్య నెలలు గడిచిపోవచ్చు కనుక ఒకదాని బదులు మరొకటి రాస్తే లెక్కలు చూసేవారు తప్పక ప్రశ్నిస్తారు. అప్లై తరువాత సంస్థ పేరు వస్తే 'టు', గ్రాంట్ వస్తే 'ఫర్' అన్నది చిన్న విషయమే అయినా మీ ముసాయిదాలో మూడుచోట్ల తారుమారైంది.

వీటన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త 'సెక్యూర్' విషయంలో అవసరం. 'వుయ్ హావ్ సెక్యూర్డ్ పార్షియల్ ఫండింగ్' అని మీరు రెండో పేజీలో రాశారు. చివరి పట్టికలో మాత్రం అదే మొత్తానికి ఎదురుగా 'పెండింగ్' అని ఉంది. సెక్యూర్ అంటే సొమ్ము ఖాయమైందని అర్థం. దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంటే 'వుయ్ హావ్ అప్లైడ్ ఫర్' అనడమే నిజాయితీ. మీకు మోసగించే ఉద్దేశం లేదని నాకు తెలుసు, కానీ పరిశీలకుడి ముందున్నది కాగితం మాత్రమే.

ఫండ్, ఫండ్స్, ఫండింగ్ అన్న మూడింటినీ మీరు ఒకే అర్థంలో వాడారు. 'ఎ ఫండ్' అంటే ఒక ప్రయోజనం కోసం విడిగా ఉంచిన నిధి. 'ఫండ్స్' అంటే చేతిలో ఉన్న, లేదా సమకూర్చుకోవలసిన డబ్బు. అందుకే 'రెయిజ్ ఫండ్స్' అంటారు. 'ఫండింగ్' అంటే ఒక పనికోసం అందే ఆర్థిక సహాయం. అది మామూలుగా లెక్కపెట్టే నామవాచకం కాదు కనుక 'ఎ ఫండింగ్', 'మెనీ ఫండింగ్స్' అన్నవి కొట్టేయండి. సంఖ్య చెప్పాలంటే 'త్రీ సోర్సెస్ ఆఫ్ ఫండింగ్' అనవచ్చు.

నిధుల రకాలు చెప్పే జంట పదాలను విడదీయకుండా నేర్చుకోండి. పని మొదలుపెట్టడానికి ఇచ్చేది 'సీడ్ ఫండింగ్'. జీతాలు, అద్దె వంటి నిత్య ఖర్చులతో సహా సంస్థ మనుగడకు ఇచ్చేది 'కోర్ ఫండింగ్'. మీరు సమకూర్చుకున్నదానికి జతగా ఇచ్చేది 'మ్యాచింగ్ గ్రాంట్'. దీనికి చాలాసార్లు ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. డబ్బుకు బదులు స్థలమో, పరికరాలో, సేవలో అందిస్తే అది 'ఇన్-కైండ్ కాంట్రిబ్యూషన్'. ఫలానా పనికే వాడాలన్న షరతుతో వచ్చినవి 'రిస్ట్రిక్టెడ్ ఫండ్స్', వాటిని వేరే ఖర్చుకు మళ్లించడం కుదరదు.

మనకు బాగా అలవాటైన 'శాంక్షన్' గురించి ఒక మాట. మంజూరు అన్న అర్థం ఇంగ్లీషులోనూ ఉంది, అయితే అంతర్జాతీయ వ్యవహారాల్లో 'శాంక్షన్స్' అనగానే ఆంక్షలే గుర్తుకొస్తాయి. 'అప్రూవ్డ్' అని రాస్తే ఏ గొడవా ఉండదు.

చేదు వార్తలకూ స్థిరపడిన మాటలున్నాయి. నిధులు తగ్గిస్తే 'కట్', తాత్కాలికంగా నిలిపివేస్తే 'ఫ్రీజ్', ఇస్తామన్నవారే వెనక్కి తీసుకుంటే 'విత్‌డ్రా'. నిధులు క్రమంగా అడుగంటితే 'ఫండింగ్ హాజ్ డ్రైడ్ అప్' అంటారు, కాని అది వార్తాపత్రికల వాడుక. ప్రతిపాదనలో 'ఫండింగ్ గ్యాప్' అని, ఆ లోటు ఎంతో అంకెల్లో చూపితే చాలు. గడువులోగా పని పూర్తికాక, అదనపు సొమ్ము అవసరం లేకుండా సమయం మాత్రమే కావలసివస్తే 'నో-కాస్ట్ ఎక్స్‌టెన్షన్' కోరాలి. ఆ విన్నపాన్ని గడువు ముగియకముందే పంపండి. మిగిలిన సొమ్ము ఎంతో, దానితో ఏ పని ఎప్పటికి ముగిస్తారో అందులోనే తెలియజేయండి.

సవరించిన రెండో పేజీని, దానికి సంబంధించిన పట్టికను కలిపి పంపితే చదివి రాస్తాను.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి