పాప మంచం కింద సంచి

ప్రశ్న: నాకు 41 ఏళ్లండి. అంతర్వేది దగ్గర పల్లె మాది. మూడెకరాల కొబ్బరితోట ఉంది. నా భార్య కేన్సర్‌తో పోయి పదకొండు నెలలైంది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట అస్థికలు కలిపిన రోజు నుంచి నా మనసు ఇంట్లో లేదు. కాయలు దించకుండా రెండు దింపులు వదిలేశాను. పాప కోసమైనా మరదల్ని చేసుకోమని అత్తవారు పట్టుబడుతున్నారు. అది నావల్ల కాదు. ఉత్తరాదిలో ఒక ఆశ్రమం వాళ్లు సంవత్సరీకం అయ్యాక రమ్మన్నారు. తోట పాప పేర రాసేసి, పాపని మా అమ్మకి అప్పజెప్పి, ఓ తెల్లవారుజామున వెళ్లిపోదామని ఉంది. పాప ఎనిమిదో తరగతి. చెబితే ఏడుస్తుందని చెప్పలేదు. ఏం కనిపెట్టిందో గానీ, రాత్రిళ్లు నా సంచి తీసుకెళ్లి తన మంచం కింద పెట్టుకుంటోంది. బుద్ధుడు మాత్రం పెళ్లాం బిడ్డల్ని వదిలి వెళ్లలేదా? నాది తప్పంటారా?

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వైరాగ్యం గురించి చాలా రాశారు, పాప గురించి మూడు ముక్కలు రాశారు. నా కళ్లు ఆ సంచి దగ్గరే ఆగిపోయాయి.

ముందు బుద్ధుడి సంగతి చూద్దాం, మీరే తెచ్చారు కాబట్టి. ఆయన ఇల్లు విడిచిన రాత్రి అందరికీ తెలుసు. ఆ కథ అక్కడితో అయిపోలేదు, దాని కొమ్మకి ఇంకో కథ, ఆ కథకి మరొకటి. ఆయన జ్ఞానం పొంది కపిలవస్తుకు తిరిగొచ్చినప్పుడు యశోధర పిల్లాణ్ణి ముందుకి తోసి, అదిగో మీ నాన్న, వెళ్లి నీ వారసత్వం అడుగు అంది. రాహులుడు తండ్రి వెంట నడుస్తూ అడిగాడు. దొరికింది సన్యాసం. రాహులుణ్ణి తండ్రి దగ్గరికి తెచ్చే ఘట్టం మన అమరావతి శిల్పాల్లో ఉంది. మీకు దగ్గర్లోనే, వైనతేయ గోదావరి ఒడ్డున ఆదుర్రులో ఇటుకల స్తూపం ఉందిగా, ఆ కాలపు మనవాళ్లకి ఇవన్నీ నోటికొచ్చిన కథలే.

బుద్ధుడి సవతి తమ్ముడు నందుడి కథ ఇంకోటి. భార్య సుందరి నుదుట తిలకం దిద్దుకుంటుంటే అద్దం పట్టుకుని నిలబడ్డాడు. అన్నగారిని కలిసొస్తానంటే, ఈ తిలకం ఆరేలోగా రావాలి అందామె. అతనికి గుండు గీసేశారు, ఏడుస్తుండగానే. ఈ కథని సౌందరనందం కావ్యంగా రాసిన అశ్వఘోషుడు అందులో సుందరి ఎదురుచూపుకీ చోటిచ్చాడు, అందుకే నాకు ఆయనంటే గౌరవం.

వీటన్నిటి చివర ఒక ముసలి తండ్రి ఉన్నాడు. కొడుకు వెళ్లాడు, రెండో కొడుకు వెళ్లాడు, మనవడూ వెళ్లిపోయాడు. అప్పుడు శుద్ధోదనుడు బుద్ధుడి దగ్గరికొచ్చి, బిడ్డ మీది ప్రేమ చర్మాన్ని కోసి, మాంసాన్ని కోసి, ఎముక దాటి మూలుగ దాకా దిగుతుందయ్యా, ఇకమీదట తల్లిదండ్రులు సరేననకుండా ఎవరి పిల్లల్నీ చేర్చుకోవద్దు అని అడిగాడు. బుద్ధుడు కాదనలేదు. అదే సంఘానికి నియమమైంది. మీరు బుద్ధుణ్ణి చూపించారు గనక అడుగుతున్నాను: మీ అమ్మగారిని అడిగారా? ఈ వయసులో ఎదిగే పిల్లని ఆవిడ చేతిలో పెడతానంటున్నారు, ఆవిడ ఏమందో ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఉపనిషత్తులోని యాజ్ఞవల్క్య మహర్షీ ఇల్లు విడిచి వెళ్లాడు. కానీ భార్య మైత్రేయిని పిలిచి, నేను వెళ్లబోతున్నాను, నీకూ నీ సవతి కాత్యాయనికీ పంపకం చేస్తాను అని మొహం మీదే చెప్పాడు. ఆస్తితో నాకు అమృతత్వం వస్తుందా అని ఆమె నిలదీస్తే కూర్చుని జవాబిచ్చాడు. మీరేమో తెల్లవారుజాము చూసుకుంటున్నారు. ఏడుస్తుందని చెప్పలేదన్నారు. ఆ పిల్ల ఇప్పటికే ఏడుస్తోంది, మీకు వినబడకుండా.

కొంచెం కాగితాల మాట. 1956 నాటి హిందూ మైనర్ల సంరక్షకత్వ చట్టం ప్రకారం, ప్రపంచాన్ని పూర్తిగా విడిచి సన్యాసి అయినవాడు బిడ్డకి సహజ సంరక్షకుడిగా ఉండలేడు. తల్లి లేదు, తండ్రి లేనట్టే. నానమ్మ కోర్టుకెళ్లి సంరక్షకురాలిగా ఉత్తర్వు తెచ్చుకోవాల్సి వస్తుంది. తోట పాప పేర పడ్డాక, ఆమెకి పద్దెనిమిదేళ్లు నిండేదాకా చదువుకో జబ్బుకో ఒక కుంచెం భూమి అమ్మాలన్నా కోర్టు అనుమతి కావాలి. మీరు దులుపుకుంటున్న బరువు మాయమవదండీ, మీ అమ్మగారి నెత్తికెక్కుతుంది.

మరదలి విషయంలో మీరు వద్దనడం సబబే. ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా? అక్క పోతే చెల్లెలు, అంటే ఖాళీ అయిన కుర్చీయా? ఈ ఏడాది పెళ్లి మాట ఎత్తొద్దని మీ అత్తవారికి గట్టిగా చెప్పండి. ఈ గోల భరించలేకే మీకు ఆశ్రమం మరింత చల్లగా కనబడుతోందేమోనని నా అనుమానం.

మీది వైరాగ్యం కాదని నేను తేల్చను. కానీ వైరాగ్యం వచ్చినవాడు చెట్టు కింద రాలి మొలకెత్తిన కాయల్ని చూసి బాధపడడు, మీరు దింపులు వదిలేసినందుకు బాధపడుతూ రాశారు. నిద్ర, తిండి ఎలా ఉన్నాయి? పొద్దున్నే లేవబుద్ధి కాకపోవడం, ఏటిగట్టు మీద గంటలు గడిపేయడం, నేను లేకపోతేనే నయం అనిపించడం ఉంటే అది వైద్యం ఉన్న బాధ. 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులడగరు. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. చచ్చిపోవాలన్న ఆలోచన గనక వస్తుంటే ఈ జవాబు పూర్తిగా చదవక్కర్లేదు, ఇప్పుడే చేయండి.

మన ఆడవాళ్ల పాటల్లో ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోయి లేచాక, పక్కనున్న లక్ష్మణుణ్ణి ఎవడో పరాయివాడనుకుని మందలిస్తుంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ పాడుతుంటే నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వు రాదు.

సంవత్సరీకం దాకా ఆశ్రమానికి అవుననీ కాదనీ చెప్పకండి. పాపని కూర్చోబెట్టి, వెళ్లిపోవాలనుకున్న మాట నిజమేనని మీ నోటితో చెప్పండి. ఏడవనివ్వండి, మీరూ ఏడవండి. అమ్మ పేరు ఇంట్లో వినబడనివ్వండి. ఆశ్రమం చూడాలనే ఉంటే వేసవి సెలవుల్లో పాపతో కలిసి పది రోజులు వెళ్లి రండి. సన్యాసం మాట ఆమెకి పద్దెనిమిది నిండాక, ఆమెనే అడిగి తేల్చుకోవచ్చు.

దింపు మనిషికి కబురు పెట్టండి. ఆదివారమైతే పాప కూడా తోటకొస్తుంది, లెక్క ఆమె చేత రాయించండి. సంచి మాత్రం అడగొద్దు. ఇవ్వాలనిపించిన రోజు తనే తెచ్చి ఇస్తుంది.