మేడ మీద సోలార్: ముందు పాత బిల్లులు తీయండి

ఎండలు ముదిరి ఏసీ బిల్లులు ఇంటికి రావడం మొదలయ్యాక ఈ శీర్షికకు సోలార్ ఉత్తరాలు వరస కట్టాయి. అందరూ అడిగేది చివరికి ఒకటే, పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు తిరిగొస్తుందని. కొంచెం వేరువేరుగా ఉన్న నాలుగు ఉత్తరాలు ఏరి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాది అంబాజీపేట. టీచరుగా చేసి రిటైరయ్యాను. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెలకు 420 యూనిట్లు కాలుతున్నాయి, మిగతా ఆరు నెలలు 180 దగ్గర ఉంటుంది. ఒక సోలార్ ఏజెంటు వచ్చి 3 కిలోవాట్లకు 2 లక్షలు, సబ్సిడీ పోను 1.22 లక్షలు, ఏడాదికి 48 వేలు మిగులుతుంది, రెండున్నరేళ్లలో పెట్టుబడి వచ్చేసి ఆ తర్వాత పాతికేళ్లు కరెంటు ఉచితం అంటున్నాడు. 2 కిలోవాట్లయితే 1.40 లక్షలట, కానీ "అది దండగ సార్" అన్నాడు. మా బావమరిదేమో ఆ డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసుకో బావా అంటాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ 48 వేలు ఎలా వచ్చిందో చూద్దాం మాస్టారూ. కిలోవాట్‌కు రోజుకు 5 యూనిట్లు, 3 కిలోవాట్లు, 365 రోజులు, యూనిట్ 8.75 రూపాయలు. గుణిస్తే 47,906 వస్తుంది, గుణకారం తప్పేం కాదు. కాకపోతే మీ ఇంటి ఏడాది ఎనర్జీ ఛార్జీలన్నీ, అంటే కాల్చిన యూనిట్లకు కట్టే డబ్బంతా, కలిపినా 21 వేలే. 21 వేలు కట్టే ఇంట్లో 48 వేలు ఎలా మిగులుతుందో ఆ అబ్బాయినే అడగండి, ఏం చెబుతాడో నాకూ వినాలని ఉంది.

కిటుకు అంతా శ్లాబుల్లో ఉంది, అంటే వాడకం పెరిగే కొద్దీ యూనిట్ ధర పెరిగే మెట్లలో. మన ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఇళ్లకు ఆరు శ్లాబులు పెట్టారు. మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. (మీ తాజా బిల్లు మీద ధర వేరేగా ఉంటే ఆ అంకె వేసుకోండి, పద్ధతి మారదు.) సోలార్ మీ బిల్లును పైనుంచి కోసుకుంటూ వస్తుంది, అంటే ముందు 9.75 రూపాయల యూనిట్లు పోతాయి, తర్వాత 8.75వి, ఆ తర్వాత 6 రూపాయలవి, ఇక అడుక్కి వచ్చేసరికి మేడ మీది సోలార్ పలక ఎంత కష్టపడినా యూనిట్‌కు ఆదా అయ్యేది మూడు రూపాయలో రెండు రూపాయలో. ప్రతి యూనిట్‌నూ 8.75తో గుణించడం అందుకే కుదరదు.

ఇక రోజుకు 5 యూనిట్ల సంగతి. ఫిబ్రవరి, మార్చిలో ఆకాశం తేటగా ఉన్న రోజున అది నిజమే, కానీ జులై, ఆగస్టు ముసుర్లలో అందులో సగం రావడమే గగనమయ్యే రోజులుంటాయి. మే నెల ఎండకు పలక వేడెక్కితే ఉత్పత్తి పెరగదు, తగ్గుతుంది కూడా. ఇవన్నీ కలిపి కిలోవాట్‌కు ఏడాదికి 1400 యూనిట్లు వేసుకుంటే మన గోదావరి డెల్టాకు న్యాయమైన లెక్క. నెలకు సగటున 2 కిలోవాట్లకు 230, 3 కిలోవాట్లకు 350 అన్నమాట.

ఇప్పుడు మీ ఇంటికి వేద్దాం. 420 యూనిట్ల నెలలో ఎనర్జీ ఛార్జి 2,743 రూపాయలు. 2 కిలోవాట్లు పెడితే 190 యూనిట్లకు దిగి 807 అవుతుంది, అంటే 1,936 ఆదా. 3 కిలోవాట్లు పెడితే 70 యూనిట్లకు దిగి 177 అవుతుంది, ఆదా 2,566. 180 యూనిట్ల నెలల్లో బిల్లు 747, ఆ ఆరు నెలలూ ఏది పెట్టినా మీ వాడకం మొత్తం కొట్టుకుపోతుంది, కాబట్టి ఆదా రెంటికీ సమానమే. ఏడాది మొత్తానికి 2 కిలోవాట్లకు 16,100, 3 కిలోవాట్లకు 19,900.

పెట్టుబడి వైపుకి రండి. కేంద్రం 2024లో మొదలెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి సోలార్‌కు సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడో దానికి 18 వేలే, మొత్తం 78 వేలు దాటదు. మీకు చెప్పిన ధరల్లో 2 కిలోవాట్లకు చేతి నుంచి పడేది 80 వేలు, ఐదేళ్లలో తిరిగొస్తుంది. 3 కిలోవాట్లకు 1.22 లక్షలు, ఆరేళ్లు దాటుతుంది. ఇదేమంత తేడా అనిపిస్తుంది గానీ మూడో కిలోవాట్‌ను విడిగా చూడండి, దానికి అదనంగా 42 వేలు పెడుతున్నారు, అది తెచ్చేది ఏడాదికి 3,800, అసలు రావడానికే పదకొండేళ్లు. ఏజెంటు దండగన్నది 2 కిలోవాట్ల ప్లాంటును, నన్నడిగితే ఇప్పుడున్న వాడకానికి దండగ మూడో కిలోవాట్. అమ్మాయీ అల్లుడూ వచ్చి ఉంటారనో, ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటాననో, రెండో గదికి కూడా ఏసీ వేస్తాననో ఉంటే అప్పుడు లెక్క మారుతుంది, మూడే పెట్టండి.

మిగులు యూనిట్లను నేను లెక్కలో వేయలేదు, కావాలనే. చలికాలంలో మీ మేడ మీద నుంచి లైనులోకి పోయే యూనిట్లు మీ ఖాతాలో జమ అయ్యి తర్వాతి నెలలో వాడుకోవచ్చు, కానీ ఆ జమ లెక్క తేల్చే గడువు నాటికి వాడకుండా మిగిలిపోయిన వాటికి ఇచ్చే ధర మీరు కొనే పై శ్లాబు ధర కంటే బాగా తక్కువ. అలాగే బిల్లులో వచ్చే ఇంధన సర్దుబాటు ఛార్జీలు కూడా యూనిట్ల లెక్కే కాబట్టి అవీ కొంత తగ్గుతాయి. ఈ రెండూ అదనపు లాభం అనుకోండి, వీటిని నమ్ముకుని పెద్ద ప్లాంటు పెట్టొద్దు. ఫిక్స్‌డ్ ఛార్జీలు మాత్రం సోలార్ పెట్టినా కట్టాల్సిందే, కాబట్టి "జీరో బిల్లు" అన్న మాటని అక్షరాలా తీసుకోకండి.

మీ బావమరిదిగారు అన్నదీ కొట్టిపారేసే మాట కాదు. 80 వేలు 6.5 శాతానికి పదేళ్లు వేస్తే లక్షా యాభై వేలు అవుతుంది, మీరు చేయి కదపక్కర్లేదు. సోలార్ అదే పదేళ్లలో 1.6 లక్షలకు కాస్త తక్కువగా మిగులుస్తుంది, ఎందుకంటే పలకల శక్తి ఏడాదికి అర శాతం పైచిలుకు తగ్గుతూ ఉంటుంది, ఆ మధ్యలో ఇన్వర్టర్ (పలకల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) ఒకసారి మార్చాల్సి రావచ్చు. పైకి రెండూ సమానంలాగే కనిపిస్తాయి. కానీ బ్యాంకు డబ్బు చివర్లో వస్తుంది, వడ్డీ మీద పన్ను కూడా ఉంటుంది, సోలార్ ఆదా మొదటి నెల నుంచే చేతిలో ఉంటుంది, దాన్ని మళ్లీ ఎక్కడైనా వేసుకోవచ్చు, దానికి పన్ను లేదు, పైగా పదేళ్ల తర్వాత కూడా పలకలు మేడ మీద పనిచేస్తూనే ఉంటాయి. పాతిక ఏళ్ల పనితీరు వారంటీ పలకలకే గానీ ఇన్వర్టర్‌కు కాదు, అది కాగితం మీద విడిగా రాయించుకోండి. మీ వాడకానికి నా ఓటు 2 కిలోవాట్ల సోలార్‌కే, మిగిలిన 42 వేలు బావమరిది చెప్పినట్టు బ్యాంకులో వేయండి, ఆయనా సంతోషిస్తాడు.

ప్రశ్న: ఆకివీడు దగ్గర చెరువులు చేస్తున్నాం. ఇంటి బిల్లు నెలకు 100 యూనిట్లు దాటదు గానీ చెరువు మీద ఏరియేటర్లకు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలకు) కరెంటు బాగా కాలుతుంది. ఇంటి మీద సోలార్ పెట్టి ఆ కరెంటు చెరువుకు లెక్క కట్టించుకోవచ్చా?

జవాబు: కుదరదండీ. ఇంటి మీటరు వేరు, చెరువు సర్వీసు వేరు, సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే. అసలు మీరు ఆక్వా జోన్‌లో, అంటే చేపలు, రొయ్యల చెరువులకు ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో, సబ్సిడీ ధరకు, అంటే యూనిట్ రూపాయిన్నరకు కరెంటు తీసుకుంటుంటే చెరువు కోసం సోలార్ పెట్టడం డబ్బు గోదాట్లో పోసినట్టే, రూపాయిన్నర యూనిట్‌ను ఆదా చేయడానికి పెట్టిన పెట్టుబడి మీ పిల్లల కాలానికి గానీ తిరిగి రాదు. కావాలంటే వేసి చూడండి, కిలోవాట్‌కు ఏడాదికి 1400 యూనిట్లు ఇంటూ 1.50, మొత్తం 2,100 రూపాయలు. ఇంటికి కూడా అంతే, 100 యూనిట్ల బిల్లులో ఎనర్జీ ఛార్జి 305 రూపాయలు దాటదు, నెలకు మూడొందలు మిగుల్చుకోవడానికి మేడంతా పలకలు పరచనక్కర్లేదు. ఆ డబ్బుతో పాత మోటార్లు మార్చుకోండి. ఎవరైనా ఏజెంటు మీ చెరువు వాడకం, ఇంటి వాడకం ఒకే కాగితం మీద కలిపి చూపిస్తే ఆ కాగితం వెనక్కి ఇచ్చేయండి.

ప్రశ్న: మాది సఖినేటిపల్లి మండలం, సముద్రం దగ్గర. డాబా చుట్టూ కొబ్బరిచెట్లు. తుపానుకు పలకలు ఎగిరిపోవా? నీడకు ఎంత తగ్గుతుంది? ఇంట్లో అమ్మ వడియాలు ఎండబెట్టుకునే చోటు పోతుందని గొడవ చేస్తోంది.

జవాబు: అమ్మగారి గొడవకు మందు తేలిక, పలకలను మోసే ఇనుప స్ట్రక్చర్‌ను మనిషి నిలబడేంత ఎత్తులో వేయించి కింద నడిచే చోటు వదిలించండి, వడియాలు దక్షిణం వైపు ఎండ పడే జాగాలో పెట్టుకోవచ్చు. కానీ ఎత్తు పెరిగే కొద్దీ గాలి పట్టు పెరుగుతుంది, మీకు అదే అసలు టెన్షన్. మన తీరం గంటకు 180 కిలోమీటర్ల గాలికి డిజైన్ చేయాల్సిన ప్రాంతం, 1996 నవంబరు తుపాను కోనసీమలో ఏం చేసిందో మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. స్తంభాల కాళ్లను డాబా శ్లాబుకు కెమికల్ యాంకర్లతో (రంధ్రంలో రసాయన జిగురు పోసి బిగించే బోల్టులతో) గానీ కాంక్రీటు దిమ్మెలు పోసి గానీ బిగించాలి, పిట్టగోడకు రెండు బోల్టులు కొట్టి వెళ్లిపోతానంటే ఒప్పుకోవద్దు. ఆ ఇనుప స్ట్రక్చర్ తయారయ్యాక వేడి జింకులో ముంచి తీసిందై ఉండాలి, మామూలు పూత ఉన్న పైపులు ఉప్పుగాలికి కొన్నేళ్లలోనే తుప్పు పడతాయి. ఇంటి బీమా ఉంటే పాలసీలో పలకలు కూడా రాయించండి.

నీడ సంగతి మీరే చూసుకోవచ్చు, యాప్ అక్కర్లేదు. సంక్రాంతి ముందు రోజుల్లో సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు, ఆ రోజుల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా మీరు పలకలు పెట్టాలనుకున్న చోట సుద్దముక్కతో గీతలు గీసి ఏ చెట్టు నీడ ఎక్కడిదాకా వస్తుందో గుర్తు పెట్టండి. రోహిణీ కార్తెలో చూసి నీడ లేదనుకోవద్దు, అప్పుడు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు కాబట్టి నీడలన్నీ పొట్టిగానే ఉంటాయి. పలకలన్నీ ఒకే దండలా వరసగా తీగతో కలిపి ఉంటే ఒక్క కొబ్బరి మట్ట నీడ ఒక్క పలక మీద పడినా మిగతా వాటి ఉత్పత్తి కూడా పడిపోవచ్చు. దీనికి మైక్రో ఇన్వర్టర్లు, అంటే ఏ పలకకు ఆ పలకకే పెట్టే చిన్న ఇన్వర్టర్లు, ఉన్నాయి గానీ ఖర్చు పెరుగుతుంది. కాపు కాసే చెట్టును కొట్టి పలక పెట్టే ఆలోచన మాత్రం చేయకండి, కొబ్బరికాయల డబ్బు కూడా లెక్కలోదే. గెల మీద నుంచి రాలిన కాయ నేరుగా పలక మీద పడే చోటయితే నీడ ఉన్నా లేకున్నా ఆ మూల వదిలేయండి, అద్దం ఎంత గట్టిదైనా కొబ్బరికాయ దెబ్బకు తయారు చేసింది కాదు.

కడగడానికి మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడొద్దు, ఆరాక తెల్ల మరకలు కడతాయి. వాననీళ్లో కాలవ నీళ్లో నయం. ఎండెక్కాక కాదు, తెల్లవారుజామున కడగాలి. తణుకు, తాడేపల్లిగూడెం వైపు రైసుమిల్లుల దగ్గరున్న వాళ్లకు మీకంటే పెద్ద బాధ ఉంది, ఊక బూడిద పలకల మీద పొరలా పేరుకుపోతుంది, మంచుకు తడిసి గట్టిపడుతుంది, వాళ్లు రెండు వారాలకోసారి తుడవకపోతే పైన వేసిన 1400 లెక్క తప్పుతుంది.

ప్రశ్న: రాజమండ్రి. సోలార్ పెడితే కరెంటు పోయినప్పుడు కూడా ఫ్యాన్లు తిరుగుతాయి కదా? ఇంటి మీటరు చనిపోయిన నాన్నగారి పేరు మీదే ఉంది, దానివల్ల సబ్సిడీకి ఇబ్బందా?

జవాబు: తిరగవండీ. సబ్సిడీ మీద మామూలుగా పెట్టేది గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్, లైన్లో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ మేడ మీది కరెంటు తగలకూడదు కదా. ఇంట్లో పాత ఇన్వర్టర్, బ్యాటరీ ఉంటే దాన్నే ఉంచుకోండి. బ్యాటరీతో కలిపిన సోలార్ కావాలంటే దొరుకుతుంది, కానీ అది కోతల బాధకు పెట్టే ఖర్చు, పైన చెప్పిన ఐదేళ్ల లెక్కలోకి దాన్ని లాగొద్దు.

మీటరు పేరు మాత్రం దరఖాస్తుకు ముందే మార్పించండి. దరఖాస్తు ఆ సర్వీసు నంబరు మీదే నడుస్తుంది, ప్లాంటు పెట్టి నెట్ మీటర్ (లైను నుంచి వచ్చిన, లైనులోకి పోయిన యూనిట్లు రెండూ లెక్కపెట్టే మీటరు) బిగించి తనిఖీ అయ్యాక సబ్సిడీ దరఖాస్తుదారు బ్యాంకు ఖాతాలో పడుతుంది, అంటే ముందు మొత్తం సొమ్ము మీరు సర్దుకోవాలి. లోను తీసుకుంటే వడ్డీని కూడా ఖర్చులో కలుపుకోండి. నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల కాగితం, ఇంటి పన్ను రసీదు పట్టుకుని ముందు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసుకు వెళ్లి రండి, పేరు మారాకే ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వండి.