పెరటి బెండ: పీచు పట్టకముందే కోయాలంటే

ప్రశ్న: జూలైలో మా పెరట్లో పదిహేను బెండ మొక్కలు వేశాం. మొదట్లో బాగానే కాశాయి. ఇప్పుడు కాయలు పీచు పట్టి, ఎంత వేయించినా మెత్తబడటం లేదు. కాపూ తగ్గింది. ప్రతి ఆదివారం కోస్తున్నాం. రెండు మొక్కల ఆకులు పచ్చబడ్డాయి. ఏ మందు కొట్టాలి?
– ఒక గృహిణి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు కోత సంగతి చూద్దాం. బెండ వారం రోజులు ఆగే పంట కాదు. పువ్వు పొద్దున విచ్చుకుని సాయంత్రానికి వాడిపోతుంది. అక్కడి నుంచి ఐదారు రోజుల్లో కాయ కోతకు వస్తుంది. ఆ తర్వాత రోజు రోజుకీ పీచు పెరుగుతుంది. ఆదివారం నాటికి పిందెగా ఉన్నది మళ్లీ ఆదివారానికి ముదురుకాయే. అందుకే రోజు విడిచి రోజు కోయాలి. రైతుబజారులో మనం చేసినట్టే కాయ కొన విరిచి చూడండి. టక్కున విరిగితే లేతది, వంగిపోతే ముదిరినట్టే.

కాపు తగ్గడానికీ ఇదే కారణం. ముదురుకాయ చెట్టు మీద ఉంటే మొక్క బలమంతా గింజకు పోతుంది, కొత్త పూత తగ్గుతుంది. వండుకోవడానికి పనికిరాకపోయినా ముదిరినవన్నీ ఈరోజే కోసేయండి. ఆకుల చాటున ఒకటి రెండు ఎప్పుడూ మిగిలిపోతుంటాయి, వంగి కింది నుంచి చూస్తేనే దొరుకుతాయి. లాగి తెంపితే కాండం బెరడు చీలుతుంది, చాకుతో కాస్త తొడిమ ఉంచి కోయండి. నూగుకు చేతులు దురద పెడతాయి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

ఇక పచ్చబడిన ఆకులు. ఈనెలు పసుపుగా మారి, మధ్యలో ఆకుపచ్చ మిగిలి, ఆకు మీద వల పరిచినట్టు కనిపిస్తోందా? అయితే అది పల్లాకు తెగులు. వైరస్ వల్ల వస్తుంది, తెల్లదోమ మోసుకొస్తుంది. ఆ మొక్కల కాయలు పాలిపోయి, చిన్నవిగా, గట్టిగా ఉంటాయి. వాటిని లేతప్పుడు కోసినా అంతే. ఒకసారి సోకిన మొక్కను ఏ మందూ బాగు చేయలేదు. మనసొప్పకపోయినా ఆ రెండింటినీ వేర్లతో సహా పీకి కాల్చేయండి. మీ వైపు పత్తి చేలు ఎక్కువ, తెల్లదోమకు పత్తీ బెండా రెండూ ఇష్టమే. కాబట్టి మిగతా పదమూడు మొక్కలను కాపాడుకోవాలి. పసుపు రంగు జిగురు అట్టలు రెండు మొక్కల ఎత్తులో కట్టండి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, చిటికెడు సబ్బు పొడి కలిపి, కాయలు కోశాక సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. వారానికోసారి చాలు.

రసాయన మందులు మాత్రం వద్దంటాను. కొట్టాక కొన్ని రోజులు కోత ఆపాలి, రోజు విడిచి రోజు కోసే పంటలో అది కుదరదు. ఆ కాయలు తినేది మీ పిల్లలే. యూరియా కూడా ఎక్కువ వేయకండి, ఆకు ఏపుగా పెరిగి రసం పీల్చే పురుగులు చేరతాయి. మూడు వారాలకోసారి మొక్కకు గుప్పెడు వర్మీకంపోస్టు సరిపోతుంది.

వేసవి పంటకు జనవరి చివర్లో మళ్లీ విత్తుకోండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రకం అర్క అనామిక పల్లాకును తట్టుకునేందుకు రూపొందించినదే. గింజలు రాత్రంతా నానబెట్టి, మొక్కల మధ్య జానెడుకు తగ్గకుండా పెట్టండి.